పార్లమెంటు టైమ్ టేబులులో మన ప్రశ్నకు చోటెక్కడ?

(మన సంఘం సాయంకాల సభలో చేసిన ఉపన్యాస పాఠం)



ఉగాది సంచికలో వేసుకొనేందుకు వీలుగా ఏదైనా ఒక ఉపయోగకరమైన విషయం మీద మాట్లాడవలసిందని కార్యదర్శిగారు నన్ను కోరారు. నేను పండితుణ్ణి కాను. మెట్రిక్ పాసై రైల్వేలో గుమాస్తాగా చేరినవాణ్ణి. సాహిత్యం గురించి చెప్పగలవారు మనలో ఉన్నారు. పంచాంగ శ్రవణం చేయించేవారూ ఉన్నారు. నాకు చేతనైన పంచాంగం ఒక్కటే, అది టైమ్ టేబులు. అందుచేత ఢిల్లీలో ఉన్న మన పార్లమెంటుకు టైమ్ టేబులు ఎలా తయారవుతుంది, అందులో మనవంటివారి ప్రశ్నకు చోటెక్కడ దొరుకుతుంది అనే సంగతి నాకు తెలిసినంతలో మనవి చేస్తాను.

ఈ విషయమే ఎందుకని మీరు అడగవచ్చు. బెంగాల్ నాగపూర్ రైల్వే రోజుల్లో మన తాతలు ఈ ఖుర్దారోడ్డు ప్రాంతానికి పనికోసం వచ్చారు. పని దొరికింది, ఇల్లు దొరికింది, ఈ ఊరు మన ఊరయింది. ఇక్కడివారు మనల్ని పరాయివారిగా చూడలేదు. కాని తెలుగు చదువు మాటకు వస్తే మనం ప్రతి తరంలోనూ ఒక మెట్టు దిగుతూనే ఉన్నాము. మన పిల్లలు కొందరు చదివే ఒక బడిలో తెలుగు పంతులుగారు రిటైరై వెళ్ళిన తరువాత ఆ కుర్చీ ఖాళీగానే ఉంది. ఇంట్లో తెలుగు గలగలా మాట్లాడే పిల్ల అమ్మమ్మకు ఉత్తరం వ్రాయమంటే తల దించుకొంటుంది. మనం అర్జీలు పెట్టలేదా? పెట్టాము. అవి ఎక్కడికి పోయాయో ఎవరికీ తెలియదు. అర్జీకి జవాబు ఇవ్వకపోయినా అడిగేవాడు లేడు. కాని పార్లమెంటులో ఒప్పుకొన్న ప్రశ్నకు జవాబు ఇవ్వక తప్పదు. ఈ తేడా మనకు తెలియాలి. నేను ఈ రోజు చెప్పదలచిన మాట అంతా ఇదే.

మన కాలనీ కుర్రవాడొకడు మొన్న నన్ను అడిగాడు. "బాబాయిగారూ, టీవీలో చూస్తే అక్కడ కేకలు తప్ప ఏమీ వినబడవు. పని ఎప్పుడు జరుగుతుందండీ?" అన్నాడు. బండ్లన్నీ ఒకేసారి కూతవేస్తే స్టేషనులో ఎవరి మాటా వినబడదు. అయినా ఏ బండి ఏ లైను మీద ఎప్పుడు పోవాలో కాగితం మీద నిర్ణయమై ఉంటుంది. పార్లమెంటూ అంతే. కేకలు వినబడతాయి, కాగితం కనబడదు. ఆ కాగితమే చూద్దాం.

ముందు సంవత్సరం సంగతి. పార్లమెంటు ఫలానా తేదీన కూర్చోవాలని రాజ్యాంగంలో లేదు. ఒక సమావేశం చివరి రోజుకూ తరువాతి సమావేశం మొదటి రోజుకూ మధ్య ఆరు నెలలు దాటకూడదని మాత్రం 85వ అధికరణంలో ఉంది. వాడుకలో మూడు సమావేశాలు జరుగుతాయి: బడ్జెటు సమావేశం, వర్షాకాల సమావేశం, శీతాకాల సమావేశం. తేదీలు నిర్ణయించేది ప్రభుత్వం. కనుక ప్రశ్న అడిగించదలచినవాడు ఏడాది పొడుగునా అడిగించలేడు. బండి వచ్చే రోజు తెలుసుకొని స్టేషనుకు పోవాలి.

ఇక రోజు సంగతి. లోక్ సభ సాధారణంగా ఉదయం 11 గంటలకు కూర్చుంటుంది. మొదటి గంట ప్రశ్నలకు. రాజ్యసభలో ఈ గంటను 2014 చివరి నుంచి మధ్యాహ్నం 12కు మార్చారు. లోక్ సభలో ప్రశ్నలు ముగియగానే మంత్రులు కాగితాలు సభ ముందుంచుతారు. ఆ తరువాత సభ్యులు అత్యవసర విషయాలు లేవనెత్తుతారు. దీనిని జీరో అవర్ అంటారు. రూల్సు పుస్తకంలో ఈ పేరు లేదు, 1960ల నుంచి ఆచారంగా వచ్చింది. భోజనానంతరం బిల్లులు, ఇతర ప్రభుత్వ కార్యక్రమం. శుక్రవారం చివరి రెండున్నర గంటలు మాత్రం మంత్రులు కాని సభ్యులకు వదిలిపెడతారు. ఒక శుక్రవారం వారి బిల్లులు, మరొక శుక్రవారం వారి తీర్మానాలు.

ఏ బిల్లుకు ఎన్ని గంటలు అనేది సభాకార్యక్రమ సలహా సంఘం చూస్తుంది. 1952లోనే ఏర్పడిన ఈ సంఘంలో స్పీకరుగారితో కలిపి 15 మందికి మించరు. అధ్యక్షులు స్పీకరుగారే. వివిధ పక్షాలవారు కూర్చొని ఈ బిల్లుకు నాలుగు గంటలు, ఆ చర్చకు ఆరు గంటలు అని పంచుకొంటారు. ఆ గంటలను మళ్ళీ పక్షాల బలాన్ని బట్టి విడగొడతారు. రాబోయే వారం ప్రభుత్వ కార్యక్రమం ఏమిటో పార్లమెంటరీ వ్యవహారాల మంత్రి సాధారణంగా వారాంతంలో సభకు చెబుతారు. ఆ స్పీకరు కుర్చీలో తిరుపతి ప్రాంతం నుంచి వెళ్ళిన అనంతశయనం అయ్యంగారు 1956 నుంచి 1962 వరకు కూర్చున్నారు. తరువాత నీలం సంజీవరెడ్డిగారు, బాలయోగిగారు కూర్చున్నారని మనం సంతోషంగా చెప్పుకోవచ్చు. అయినా కుర్చీలో మనవారున్నంత మాత్రాన మన ప్రశ్న దానంతట అది రాదు.

బిల్లుల సంగతి క్లుప్తంగా చెబుతాను. మంత్రి ముందుగా నోటీసు ఇచ్చి బిల్లు ప్రవేశపెడతారు. దానిని స్థాయీ సంఘానికి పంపవచ్చు, పంపకపోనూవచ్చు. ఈ శాఖలవారీ సంఘాలు 1993లో వచ్చాయి. ఆ తరువాత సభలో బిల్లు మీద సాధారణ చర్చ, పిమ్మట ఒక్కొక్క క్లాజు మీద ఓటు, చివరకు ఆమోదం. రెండవ సభలోనూ ఇదే వరుస. మన తెలుగువారందరికీ గుర్తున్న ఉదాహరణ ఒకటి ఉంది. ఆంధ్రప్రదేశ్ పునర్విభజన బిల్లు 2014 ఫిబ్రవరి 13న లోక్ సభలో ప్రవేశించింది. 18న అక్కడా, 20న రాజ్యసభలోనూ ఆమోదం పొందింది. అది మంచిదా కాదా అన్న వాదన ఈ వేదిక మీద పెట్టను. కోట్లమంది బ్రతుకులు మార్చే బిల్లుకైనా దక్కేది కొద్ది గంటలే కావచ్చు అని మాత్రం గమనించండి. గంటలు పంచే చోటు ఎంత ముఖ్యమో దీనివల్ల తెలుస్తుంది.

బడ్జెటులోనూ ఇదే చూస్తాము. మన రైల్వేకు 1924లో వేరుపడిన ప్రత్యేక బడ్జెటు 2017 నుంచి సాధారణ బడ్జెటులో కలిసిపోయింది. ఒక్కొక్క శాఖకు కావలసిన డబ్బుకు సభ అనుమతి అడుగుతారు. చర్చకు కేటాయించిన రోజులు అయిపోగానే, చర్చకు రాని శాఖలన్నిటినీ ఒక్కసారిగా ఓటుకు పెడతారు. దీనికి గిలటిన్ అని పేరు. 2018లోనూ 2023లోనూ లోక్ సభలో ఏ శాఖ డిమాండు మీదా చర్చ లేకుండానే ఇలా జరిగిపోయింది.

తీర్మానాలలో పెద్దవి రెండు. వాయిదా తీర్మానం అంటే, ఉన్న పని ఆపి ఒక అత్యవసర విషయం చర్చించమనడం. సభ అనుమతికి అభ్యంతరం వస్తే 50 మంది లేచి నిలబడాలి. అనుమతి దొరికితే మామూలుగా సాయంత్రం 4 గంటలకు చర్చ. అవిశ్వాస తీర్మానానికీ 50 మంది కావాలి. అనుమతి దొరికిన పది రోజుల లోపల దానికి తేదీ ఇవ్వాలి. మొదటిది 1963 ఆగస్టులో ఆచార్య కృపలానీగారు నెహ్రూగారి ప్రభుత్వం మీద పెట్టారు. అనుకూలంగా 62, వ్యతిరేకంగా 347 ఓట్లు వచ్చి వీగిపోయింది. ఇవి కాక, మంత్రి దృష్టిని ఒక విషయం మీదికి మళ్ళించి ప్రకటన చేయించే సావధాన తీర్మానం 1954 నుంచి ఉంది. ఇవన్నీ మెయిలు బండ్లు. మనవంటి చిన్న సంఘాల మాట వాటిలో ఎక్కడం కష్టం.

శుక్రవారం సాయంత్రపు బిల్లులు లూప్ లైను మీద నిలబడ్డ పాసింజరు బండ్లవంటివి. ఏది ముందు అన్నది చీట్లు తీసి నిర్ణయిస్తారు. స్వాతంత్ర్యం వచ్చిన తరువాత ఇలా మంత్రులు కాని సభ్యులు తెచ్చి చట్టమైన బిల్లులు 14 మాత్రమే. చివరిది 1970లో. అయినా వాటిని వృథా అనడానికి వీలులేదు. తిరుచ్చి శివగారు తెచ్చిన ట్రాన్స్ జెండర్ల హక్కుల బిల్లును 2015 ఏప్రిల్ 24న రాజ్యసభ ఆమోదించింది. లోక్ సభలో అది ముందుకు సాగలేదు. తరువాత ప్రభుత్వమే తన బిల్లు తెచ్చి 2019లో చట్టం చేసింది.

ఇప్పుడు అసలు విషయానికి వస్తాను. అదే ప్రశ్న.

మన దేశంలో చట్టసభలో ప్రశ్న అడిగే హక్కు 1892 చట్టంతో మొదలయింది. జవాబు మీద మళ్ళీ అనుబంధ ప్రశ్న వేసే హక్కు 1909లో వచ్చింది. తెల్లదొరల కాలంలో మన పెద్దలు పోరాడి తెచ్చుకొన్న హక్కు ఇది. నేడు ప్రశ్నలు ముఖ్యంగా రెండు రకాలు. పక్కన నక్షత్రపు గుర్తు ఉన్నవాటికి మంత్రి లేచి నోటితో జవాబు చెప్పాలి. దాని మీద సభ్యులు అనుబంధ ప్రశ్నలు వేయవచ్చు. గుర్తు లేనివాటికి జవాబు కాగితం మీద వస్తుంది. లోక్ సభలో ఒక రోజుకు నక్షత్రపు ప్రశ్నలు 20, నక్షత్రం లేనివి 230. ఒక సభ్యుని పేర రోజుకు 5 ప్రశ్నలకు మించి రావు. వాటిలో నక్షత్రం ఒక్కదానికే.

ఇరవైలో ఎన్ని నోటి జవాబుకు వస్తాయనుకొన్నారు? గంట ఇట్టే గడిచిపోతుంది. 2019 నవంబరులో ఒకనాడు 20 ప్రశ్నలూ వచ్చాయంటే అదే పెద్ద వార్త అయింది. మిగిలిపోయిన నక్షత్రపు ప్రశ్నలకు కూడా జవాబు కాగితం మీద ఇచ్చేస్తారు. సభలో గలాభా జరిగి మొదటి గంట పోయినా కాగితపు జవాబులు పోవు. 2020 సెప్టెంబరులో కరోనా కారణంగా ప్రశ్నల గంటనే తీసివేశారు, అప్పుడు కూడా వ్రాతపూర్వక జవాబులు వచ్చాయి. కనుక పేదవాడి బండి ఈ నక్షత్రం లేని ప్రశ్నే. దీనికి చప్పట్లు లేవు, టీవీ లేదు. కాని గమ్యం చేరుతుంది.

ప్రశ్నకు వారం కూడా ఉంది. మంత్రిత్వ శాఖలన్నిటినీ ఐదు వర్గాలుగా విడదీసి సోమవారం మొదలు శుక్రవారం వరకు ఒక్కొక్క వర్గానికి ఒక్కొక్క రోజు ఇస్తారు. సభ్యుడు కనీసం 15 పూర్తి దినాల ముందుగా నోటీసు ఇవ్వాలి. ఏ తేదీ ప్రశ్నకు నోటీసు ఎప్పటిలోగా అందాలో సమావేశానికి ముందే పట్టిక వెలువడుతుంది. నోటీసులు ఎక్కువగా వస్తాయి గనుక లాటరీ వేసి వరుస నిర్ణయిస్తారు. మన వెయిటింగ్ లిస్టులో ముందు వచ్చినవాడిది ముందు సీటు. అక్కడ అలా కాదు, అదృష్టం కూడా ఉండాలి. ఈసారి రాకపోతే వచ్చే వారం మళ్ళీ ఇవ్వాలి. ఓపిక పట్టినవాడికే పని.

అన్నిటికన్నా ముఖ్యమైనది ప్రశ్న వ్రాసే తీరు. ప్రశ్న 150 మాటలకు మించరాదు. నిందలు, ఎత్తిపొడుపులు, ఊహలు ఉండరాదు. అభిప్రాయం అడగరాదు. కోర్టులో ఉన్న విషయం ఎత్తరాదు. కేంద్ర ప్రభుత్వ బాధ్యతకు చెందని విషయం అయితే ఒప్పుకోరు. మనం చాలాసార్లు ఇక్కడే దెబ్బతింటాము. రెండు నమూనాలు చదువుతాను, వినండి.

మొదటిది: "ఒడిశాలో తెలుగు పిల్లలకు ఇంత అన్యాయం జరుగుతూ ఉంటే ప్రభుత్వం నిద్రపోతున్నదా? పంతుళ్ళను ఎందుకు వేయరు?" ఇది మన మనసులో ఉన్న మాటే. కాని గడప దాటదు. నిద్రపోతున్నదా అన్నది ఎత్తిపొడుపు. పంతుళ్ళను వేయడం రాష్ట్ర ప్రభుత్వపు పని.

రెండవది: "మైనారిటీ వ్యవహారాల మంత్రిగారు దయచేసి తెలుపగలరా? ఒకటి, భాషా అల్పసంఖ్యాకుల కమిషనరు నివేదికలు ఏ సంవత్సరం వరకు సభ ముందుంచబడినవి? రెండు, ఒడిశాలో తెలుగు బోధించు ప్రాథమిక పాఠశాలలు, ఉపాధ్యాయులు, ఖాళీల గురించి ఆ నివేదికలలో ఉన్న వివరములేవి? మూడు, 350-ఎ అధికరణం అమలు కొరకు రాష్ట్ర ప్రభుత్వంతో జరిపిన ఉత్తర ప్రత్యుత్తరముల వివరములేవి?"

ఈ రెండవదానికి బలం ఎక్కడి నుంచి వచ్చింది? 1956లో ఏడవ సవరణ ద్వారా రాజ్యాంగంలో చేరిన రెండు అధికరణాల నుంచి. భాషా అల్పసంఖ్యాకుల పిల్లలకు ప్రాథమిక దశలో మాతృభాషలో బోధనకు తగిన సౌకర్యాలు కల్పించడానికి ప్రయత్నించాలని 350-ఎ చెబుతుంది. ఇటువంటి రక్షణలను పరిశీలించే ప్రత్యేక అధికారి ఉండాలని, ఆయన నివేదికలు పార్లమెంటు ఉభయసభల ముందుకు రావాలని 350-బి చెబుతుంది. అంటే పార్లమెంటు తలుపులో మనకోసం ఒక కిటికీ ముందే పెట్టి ఉన్నది. ఆ కిటికీ దగ్గర అడగకుండా మనం గోడకు మొరపెట్టుకొంటున్నాము.

కాగితం మీది జవాబు వల్ల ఏమవుతుంది అంటారా? 1957లో జీవిత బీమా కార్పొరేషను ఒక వ్యాపారి కంపెనీలలో డబ్బు పెట్టిందా అని రామ్ సుభగ్ సింగుగారు ప్రశ్న వేశారు. జవాబులు తృప్తిగా లేకపోయేసరికి మళ్ళీ అడిగారు. ఆ డిసెంబరు 16న ఫిరోజ్ గాంధీగారు సభలో లెక్కలు విప్పి చెప్పారు. ఛాగ్లా కమిషను విచారణ జరిగింది. 1958 ఫిబ్రవరిలో ఆర్థికమంత్రి టి. టి. కృష్ణమాచారిగారు రాజీనామా ఇచ్చారు. కోటి రూపాయలకు పైబడిన ఆ వ్యవహారం బయటపడడానికి మొదటి మెట్టు ఒక చిన్న ప్రశ్న. ప్రశ్నకు అంత విలువ ఉన్నది గనుకనే దానిని అమ్ముకొన్నవారు కూడా బయలుదేరారు. డబ్బు తీసుకొని ప్రశ్నలు అడిగారన్న కారణం మీద 2005 డిసెంబరులో 11 మంది సభ్యులను ఉభయసభలూ బహిష్కరించాయి. మన ప్రశ్నకు మనం ఒక్క పైసా ఇవ్వనక్కరలేదు, ఇవ్వకూడదు.

జవాబు వచ్చిన తరువాత కూడా పని అయిపోలేదు. "విషయం పరిశీలనలో ఉన్నది", "సమాచారం సేకరించి సభ ముందుంచగలము" అని మంత్రిగారు జవాబిస్తే మనం తప్పించుకొన్నారనుకొని కాగితం మూసేస్తాము. నిజానికి ఆ మాటలు హామీ కింద లెక్క. అటువంటి హామీలను ఏరి, మూడు నెలలలో తీర్చారా లేదా అని వెంటబడడానికి లోక్ సభలో 1953 నుంచి ఒక హామీల సంఘం ఉన్నది. గడువు పొడిగించమని శాఖవారు అడగవచ్చు, కాని ఆ హామీ పుస్తకంలో నిలిచే ఉంటుంది. మన అర్జీకి ఇటువంటి కాపలా ఎప్పుడైనా దొరికిందా?

మరొక దారి కూడా ఉన్నది. పౌరులే లోక్ సభకు విజ్ఞాపన పంపుకోవచ్చు. దానిని చూడడానికి విజ్ఞాపనల సంఘం ఉంది. తెలుగులో వ్రాస్తే హిందీ గాని ఇంగ్లీషు గాని తర్జుమా జతచేసి దాని మీద కూడా సంతకం చేయాలి. భాష మర్యాదగా ఉండాలి. సంతకం చేసినవారి పేరు, చిరునామా పూర్తిగా ఉండాలి.

ఇక మనం చేయవలసినది నాలుగు మాటల్లో మనవి చేస్తాను.

ఒకటి. మనవాళ్ళకు కష్టం వస్తే శ్రీకాకుళం సభ్యునికో విశాఖపట్నం సభ్యునికో వ్రాయడం అలవాటు. వారు అడిగితే మంచిదే. కాని మన ఓటు ఇక్కడిది. మన సభ్యుడు ఇక్కడివారే. ఆయనకు తెలుగు రాకపోవచ్చు, మన ఓట్ల లెక్క మాత్రం తెలుసు. ముందు ఆయన దగ్గరకే పోవాలి.

రెండు. సమావేశం మొదలయ్యే వరకు ఆగకూడదు. నెల ముందుగానే ప్రశ్నను ఇంగ్లీషులో శుభ్రంగా టైపు చేయించి, వెనుక ఆధారాల కాగితం జతచేసి ఇవ్వాలి. ఆధారమంటే ఏ బడి, ఎంతమంది తెలుగు పిల్లలు, ఏ తేదీ నుంచి పంతులు లేరు అన్నవి. ఈ లెక్క మన దగ్గర ఇంకా ఒకచోట వ్రాసి లేదు. సంఘం తరఫున ముగ్గురు యువకులు, ఇద్దరు తల్లులు కలిసి వేసవి సెలవుల లోపల ఇంటింటికీ తిరిగి ఈ లెక్క తీయాలని నా ప్రార్థన. పిల్లల చదువు సంగతి తల్లులకు తెలిసినంతగా మనకు తెలియదు.

మూడు. రైల్వే ఉద్యోగులకు ఒక హెచ్చరిక. తన ప్రమోషను, తన బదిలీ గురించి సభ్యుని చేత చెప్పించడం 1966 కండక్టు రూల్సు ప్రకారం నిషిద్ధం. బడి ప్రశ్నతో మన సొంత ప్రశ్నలు కలపవద్దు. కలిపితే రెండూ చెడతాయి.

నాలుగు. జవాబు వచ్చిన రోజున అది పార్లమెంటు వెబ్ సైటులో అందరికీ దొరుకుతుంది. దానిని తీసి, తెలుగులోకి మార్చి, మన సంఘం నోటీసు బోర్డు మీద అంటించాలి. మనకు ఇష్టమైన జవాబు రాకపోయినా అంటించాలి. జవాబులో ఉన్న అంకె తప్పయితే, అదే మన తరువాతి ప్రశ్న అవుతుంది.

అయ్యలారా, అమ్మలారా! ఒక ప్రశ్న వేసినంత మాత్రాన రేపు ఉదయానికి బడిలో పంతులుగారు వచ్చి కూర్చుంటారని నేను చెప్పను. కేంద్రం అడగాలి, రాష్ట్రం వినాలి, మధ్యలో ఎన్నో సిగ్నళ్ళు ఉన్నాయి. కాని అడగనివాడి పేరు ఏ పట్టికలోనూ ఉండదు. మన పిల్లలు తెలుగు చదవలేదని రేపటివారు మనల్ని అడిగినప్పుడు, మేము ఫలానా తేదీన ఫలానా ప్రశ్న వేయించాము, ఇదిగో జవాబు అని చూపించే కాగితమైనా మన చేతిలో ఉండాలి.

ఈ ఉగాదికి ప్రతి ఇంటిలోనూ కొత్త పంచాంగం వస్తుంది. దాని చివరి పేజీలో వర్షాకాల సమావేశపు తేదీలు, నోటీసు గడువు వ్రాసుకోవడానికి కొంత చోటు ఉంచవలసిందిగా కోరుతున్నాను. కొత్త సంవత్సరం మీ అందరికీ ఆయురారోగ్యాలను, మన పిల్లలకు చక్కని తెలుగు చదువును ప్రసాదించాలని భగవంతుని ప్రార్థిస్తున్నాను.